పంతొమ్మిదో వార్డు మెతుకు

సాలాది గంగరాజుది ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. ఊరు పడుకున్నాక లేస్తాడు, ఊరు లేచాక పడుకుంటాడు. అలాంటి మనిషికి దేవుడు కాస్త నోరులేని పొరుగు ఇచ్చి ఉండాల్సింది. దేవుడు ఆ పని చెయ్యకపోగా పక్కింటి మంగతాయారుకి ఒక కోడిపుంజును ఇచ్చాడు. దాని పేరు జమీందారు. పేరుకు తగ్గట్టే అది తెల్లవారుజామున లేచేది కాదు. లోకంలో పుంజులన్నీ కూసేసి దిగిపోయాక, మిట్టమధ్యాహ్నం తీరిగ్గా పిట్టగోడ ఎక్కి, గంగరాజుకి కునుకు పట్టే వేళ చూసుకుని గొంతు సవరించేది.

అయితే సున్నంబట్టీల వీధికి అసలు బాధ పుంజు కాదు, నీళ్ళు. వీధి మొదట్లో మున్సిపాలిటీ కుళాయి ఉంది. తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది. ఎక్కడో గొట్టం పగిలిందన్నారు, చూస్తామన్నారు, చూసి వెళ్ళారు. ఆడవాళ్ళు రైలుకట్ట దాటి అవతలి వార్డుకి వెళ్ళి, అక్కడివాళ్ళ చేత నానా మాటలూ పడి, బిందెడు నీళ్ళు తెచ్చుకుంటున్నారు. గంగరాజు భార్య సీతారత్నానికి ఈ మోతతో నడుం పట్టేసింది. మున్సిపల్ ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజున మొగుణ్ణి పొద్దున్నే కుదిపి లేపింది.

"ఏవయ్యా, మనిషికి ఒకటే అర్జీ తీసుకుంటారంట. పోయి కుళాయి సంగతి రాయించు. ఇంకేం మాట్లాడకు" అని చెప్పి పంపింది.

గంగరాజు ఆవలిస్తూ వెళ్ళి ఎండలో వరుసలో నిలబడ్డాడు. రాత్రంతా ఐసు దిమ్మలు మోసిన ఒళ్ళు. నిలబడే కునికాడు. కిటికీ దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆ వేళకి అలవాటు కొద్దీ అతని చెవుల్లో జమీందారు కూసింది. అదే క్షణంలో లోపలి గుమాస్తా "మీ బాధ ఏమిటండీ?" అని అడిగాడు. గంగరాజు కళ్ళు తెరవకుండానే "కోడండీ, మధ్యాహ్నం పడుకోనివ్వదండీ" అన్నాడు. గుమాస్తా టకటకా కొట్టేశాడు, రశీదు చేతిలో పడింది.

ఇంటికొచ్చి విషయం చెప్పాక ఏం జరిగిందో రాయనక్కర్లేదు. "నీళ్ళకోసం పంపితే కోడిని రాయించుకొచ్చాడమ్మా మా మహానుభావుడు" అని సీతారత్నం వీధి మొత్తానికి వినిపించింది. ఆ వినిపించడం గోడ అవతలికీ వెళ్ళింది. "నా జమీందారు మీద అర్జీ పెట్టావా తమ్ముడూ? రేపట్నుంచి నీ ఇంట్లో పొయ్యి వెలక్కపోతే నిప్పు కూడా ఇవ్వను" అని మంగతాయారు గోడ మీద ఎండేసిన చాప విసురుగా లాక్కుని లోపలికి పోయింది. గంగరాజు పాపం రెండిళ్ళకీ చెడ్డవాడయ్యాడు.

అక్కడితో పోతే ఇది కథయ్యేది కాదు. ఆ రోజుల్లోనే కొత్తరేవు మున్సిపాలిటీ వారు ఒక పెద్ద తెర కొన్నారు. పెళ్ళిపందిట్లో స్టేజీ అంత తెర. ఊళ్ళో వచ్చిన అర్జీలన్నిటినీ పటం మీద చుక్కలుగా వేసి చూపిస్తుందట. నీళ్ళకి నీలం, దీపాలకి పసుపు, మురుగుకి నలుపు, పశుపక్ష్యాదులకి గోధుమరంగు, తీరిపోయినవాటికి ఆకుపచ్చ. కమిషనర్ పరంజ్యోతి గారు కొబ్బరికాయ కొట్టి మీట నొక్కారు. లక్షకు పైచిలుకు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి, ఆవకాయ జాడీ బోర్లాపడ్డట్టు తెరంతా ఒకటే ముద్ద. ఊరు కనపడలేదు, వీధులు కనపడలేదు, ఏటి మీద వంతెన కూడా కనపడలేదు. పైగా త్వరలో హైదరాబాదు నుంచి డైరెక్టరు గారు సమీక్షకి వస్తున్నారు.

తెర అమర్చడానికి వచ్చిన ఋత్విక్ అనే కుర్రాడు వినయంగా ఉపాయం చెప్పాడు. "అన్ని చుక్కలూ వేస్తే ఏదీ కనపడదు సార్. వార్డుకి ఓ రెండు వందల అర్జీలు గుడ్డిగా, ఏది వస్తే అది తీసి వేద్దాం. తక్కువైనా సరే, ఎక్కడ ఏ బాధ ఎక్కువో ఆకారం తెలిసిపోతుంది."

"అంటే అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూసినట్టన్నమాట" అన్నారు కమిషనర్ గారు.

"దాదాపు అంతే సార్."

"మరి రెండు వందలెందుకు? సామెతలో ఒక్క మెతుకనే ఉంది."

"ఒకటి చాలదు సార్. అది పొరపాటున..."

"మీ అమ్మగారు అన్నం వార్చేముందు ఎన్ని మెతుకులు చూస్తారు?"

"ఒకటే సార్."

"ఆవిడ కన్నా మీకు ఎక్కువ తెలుసా?"

కన్నతల్లిని అడ్డం పెట్టాక ఎవరు మాత్రం వాదిస్తారు? ఋత్విక్ వార్డుకి ఒక్క అర్జీ చొప్పున తీసిపెట్టి, తన సామాను సర్దుకుని రైలెక్కాడు. ముప్ఫై వార్డులకి ముప్ఫై చుక్కలు. తెర మరీ బోసిగా ఉందని ఒక్కో చుక్కనీ అప్పడమంత చేశారు. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది. సున్నంబట్టీల వీధి ఉన్న పంతొమ్మిదో వార్డులో వచ్చిన అర్జీలు నాలుగువేల రెండువందలు. అందులో మూడొంతులకి పైగా నీళ్ళవే. యంత్రం గుడ్డిగా చెయ్యిపెట్టి తీసింది మాత్రం గంగరాజు కోడిని. తెర మీద పంతొమ్మిదో వార్డు గోధుమరంగు అప్పడమై వెలిగింది.

మర్నాడు మధ్యాహ్నం సున్నంబట్టీల వీధిలోకి జీపు వచ్చింది. గంగరాజు లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. జీపులోంచి శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోనేటి అప్పలస్వామి దిగి, దండ తీసి గంగరాజు మెళ్ళో వేశాడు.

"పంతొమ్మిదో వార్డు మెతుకుగారు తమరేనా?"

"నేను గంగరాజునండీ."

"ఇదివరకు గంగరాజు గారు. నిన్నటి ఉత్తర్వుల ప్రకారం తమరు ప్రాతినిధ్య అర్జీదారు. తమరి బాధ వార్డు బాధ. తమరి నిద్ర వార్డు నిద్ర."

గంగరాజుకి సగమే అర్థమైంది గానీ, దండ పడిందంటే పని అవుతుందని ఆశ పుట్టింది. "అయితే బాబూ, మా కుళాయి..." అని మొదలెట్టాడు. అప్పలస్వామి గబుక్కున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ మాట అనకండి. మెతుకు వేరే బాధ చెప్పుకుంటే శాంపిలు చెడిపోతుంది. తమరికి కోడి బాధ తప్ప మరో బాధ ఉండడం నిబంధనలకు విరుద్ధం."

తర్వాత జీపులో అతని వెంట వచ్చిన పటాలం గోడ దూకి మంగతాయారు దొడ్లోకి వెళ్ళింది. జమీందారుని మూల కుక్కుటంగా గుర్తించి, పెద్ద గంప కింద బోర్లించి, గంప మీద మున్సిపాలిటీ ముద్ర వేసింది. విచారణ తేలేదాకా దాన్ని కదల్చకూడదు, కొయ్యకూడదు, అమ్మకూడదు. మంగతాయారు గుండెలు బాదుకుంది. సీతారత్నం మొగుడి మెళ్ళో దండ తెంపి మేకకి వేసింది. "నా నడుం విరిగిపోతుంటే నీకు దండలు కావాల్సొచ్చాయా" అని ఆ పూట అన్నం కూడా పెట్టలేదు.

ఆకలి మనిషికి ధైర్యమిస్తుంది. మర్నాడు గంగరాజు డ్యూటీ దిగి నేరుగా మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాడు. తెర ముందు కుర్చీ వేసుకుని కమిషనర్ గారు ముప్ఫై అప్పడాలనీ తృప్తిగా చూసుకుంటున్నారు.

"అయ్యా, నా అర్జీ వెనక్కి తీసుకుంటానండీ" అన్నాడు గంగరాజు.

"నా అర్జీ అనకండి. మా అందరి అర్జీ అనండి" అన్నారు కమిషనర్ గారు. "మీరు ఒక్కరు కాదు, నాలుగువేల రెండువందల మంది. నాలుగువేల రెండువందల మంది ఒక్క రాత్రిలో మనసు మార్చుకున్నారంటే ఎవరు నమ్ముతారు? ప్రజలతో ఆటలాడకూడదు గంగరాజూ."

"పోనీ ఇంకో అర్జీ తియ్యండి బాబూ. మా వార్డులో ఎవరిది తీసినా నీళ్ళదే వస్తుంది."

"రెండో మెతుకు పట్టి చూడమంటావా? వంట మీద నమ్మకం లేనివాడు చేసే పని అది."

"నీళ్ళు లేవండీ మాకు!"

కమిషనర్ గారు తెరకేసి చెయ్యి చాపారు. "చూడు. మొత్తం పటంలో నీలం చుక్క ఎక్కడైనా ఉందా? లేదు కదా? ఈ ఊళ్ళో నీళ్ళ ఎద్దడి ఉంటే, ఇంత పెద్ద తెరకి తెలియకుండా ఉంటుందా?"

గంగరాజు తెరని నిదానంగా చూశాడు. నీలం చుక్క లేనే లేదు. ఒక్క క్షణం తనకే అనుమానం వేసింది, ఇంట్లో ఖాళీ బిందెలు తను నిద్రమత్తులో చూశాడేమోనని. తల పట్టుకుని బయటికొచ్చాడు.

అప్పలస్వామికి మాత్రం పని చేతినిండా దొరికింది. అతన్ని కుక్కుట నియంత్రణ ప్రత్యేకాధికారిని చేశారు. జీపు, ఇరవై మంది మనుషులు, వలలు. ఉత్తర్వులో లెక్క తేటతెల్లంగా ఉంది. ఒక అర్జీకి ఒక కోడి, ఒక మెతుకుకి నాలుగువేల రెండువందల అర్జీలు, కాబట్టి వార్డులో నాలుగువేల రెండువందల కోళ్ళు. డైరెక్టరు గారు వచ్చేలోపు అన్నిటినీ పట్టుకోవాలి.

ఈ వార్త జీపు కన్నా ముందు వార్డు చేరింది. ఎలాగూ పట్టుకుపోతారని, పుంజులున్న ఇళ్ళవాళ్ళందరూ ఆ ఆదివారమే మసాలా నూరేశారు. సోమవారం పటాలం వీధివీధీ గాలిస్తే ఎముకలు తప్ప ఏమీ దొరకలేదు. గంప కింద జమీందారు ఒక్కటే మిగిలింది. అప్పలస్వామి చెమటలు తుడుచుకుంటూ ఫోన్ చేశాడు.

"వార్డులో కోళ్ళు లేవు సార్."

"తెర తప్పంటావా?" అన్నారు కమిషనర్ గారు.

"అబ్బెబ్బే, వార్డు తప్పు సార్."

"అయితే సరిదిద్దు."

తప్పెక్కడుందో తేలాక దిద్దడం ఎంతసేపు? అప్పలస్వామి హైవే మీద ఫారాలకి వెళ్ళి నాలుగువేల రెండువందల ఫారం కోళ్ళు, తెల్లటి బ్రాయిలర్లు, లారీల మీద తెప్పించాడు. పట్టపగలే వార్డులో వదిలారు. అవి పరిగెత్తలేవు, ఎగరలేవు, వదిలినచోటే కూర్చున్నాయి. పటాలం వెనకాలే వచ్చి ఒక్కొక్కదాన్నీ వల వేసి పట్టుకుంది. ఆ ఫోటోలు పేపర్లో పడ్డాయి. ఫారం కోడి కూయడం ఎవరైనా విన్నారా అని మంగతాయారు అడిగింది గానీ, ఉత్తర్వులో కోడి అనే ఉంది తప్ప కూసే కోడి అని లేదు.

పట్టిన కోళ్ళని కమ్యూనిటీ హాల్లో పెట్టారు. చుక్క ఆకుపచ్చగా మారేదాకా అవన్నీ సాక్ష్యాలు, వేలం వెయ్యడానికి లేదు. రోహిణీకార్తె ఎండ, రేకుల హాలు. రెండోరోజుకి కోళ్ళు నోళ్ళు తెరిచి సొమ్మసిల్లడం మొదలెట్టాయి. ప్రభుత్వ సాక్ష్యం చచ్చిపోతే ఉద్యోగం పోతుంది. పశువుల డాక్టరు గారు వచ్చి చూసి, "వీటిని గాలి తగిలేచోట, చెదరగొట్టి ఉంచాలి. వేళకి మంచినీళ్ళు పట్టాలి" అని రాసిచ్చారు. దాంతో ఇంటికి ఒక కోడిని సంరక్షణకి అప్పగించారు. కోళ్ళకి నీళ్ళు పొయ్యడానికి రోజూ ట్యాంకరు గడప గడపకీ రావాలని ఆదేశమైంది. కోడికి గిన్నెడు చాలు. కానీ ట్యాంకరు వాళ్ళు గిన్నెలతో కొలిచే మనుషులు కారు. "బిందెకి తక్కువ పొయ్యడం మాకు చేతకాదు. కోడికి పొద్దున రెండు, సాయంత్రం రెండు" అని తేల్చేశారు.

మొదటిరోజు ట్యాంకరు వీధిలోకి వచ్చినప్పుడు ఆడవాళ్ళకి నమ్మకం కుదరలేదు. సీతారత్నం చంకలో తెల్లకోడిని పట్టుకుని, రెండో చేత్తో బిందె పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. బిందె నిండి పొర్లింది. ఆమె వంగి ఆ పొర్లిన నీళ్ళు దోసిట పట్టి మొహాన కొట్టుకుని, కోడికి ఇంత తాగించి, గంగరాజు కేసి చూసి నవ్వింది. పెళ్ళయిన కొత్తలో నవ్వినట్టు నవ్విందని గంగరాజు ఇప్పటికీ చెబుతాడు. ఆ కోడికి ఆమె గంగాభవాని అని పేరు పెట్టి పసుపు కూడా రాసింది. సాయంత్రం మంగతాయారు గోడ మీంచి గిన్నెలో ఇంత పులుసు అందించింది. "నీ అర్జీ మంచి అర్జీయే తమ్ముడూ" అంది.

అలా పదిరోజులు సుఖంగా గడిచాక అప్పలస్వామి మొహం వేలాడేసుకుని వచ్చాడు. డైరెక్టరు గారు శనివారం వస్తున్నారు. వచ్చేసరికి తెర మీద ముప్ఫై చుక్కలూ ఆకుపచ్చగా ఉండాలని కమిషనర్ గారి పట్టుదల. మిగతా ఇరవైతొమ్మిదీ ఏదో విధంగా పచ్చబడ్డాయి. పంతొమ్మిదో వార్డుకి స్వయంగా ఇద్దరూ వచ్చి క్షేత్రస్థాయి పరిశీలన చేస్తారు. మధ్యాహ్నం మెతుకుగారు పడుకున్నప్పుడు కోడి కూయకపోతే బాధ తీరినట్టు. చుక్క పచ్చన, కోళ్ళు వేలానికి, ట్యాంకరు షెడ్డుకి.

"మాకూ ఇబ్బందేనండీ" అన్నాడు అప్పలస్వామి గొంతు తగ్గించి. "జీపు వెనక్కిచ్చెయ్యాలి."

వీధి గుండెల్లో రాయి పడింది. ఇప్పుడు జమీందారు కూస్తేనే నీళ్ళు. కానీ జమీందారు గంప కింద పడ్డరోజు నుంచి నోరు మెదపలేదు. కాలు కింద పెట్టకుండా మూడు పూటలా మున్సిపాలిటీ గింజలు తిని బలిసింది. మంగతాయారు దాని ముందు కూర్చుని "కూయి నాయనా, నా తండ్రివి కదూ, ఒక్క కూత" అని బతిమాలింది. మిరపగింజలు పెట్టింది, అద్దం చూపించింది. అది కళ్ళు మూసుకుని పడుకుంది. ఇన్నాళ్ళూ దాని నోరు మూయించమని మొక్కుకున్న గంగరాజు ఆ రాత్రి డ్యూటీకి వెళ్తూ దారిలో కనపడ్డ ప్రతి గుడికీ ఆగి, దాని నోరు తెరిపించమని మొక్కుకున్నాడు.

శనివారం మిట్టమధ్యాహ్నం గంగరాజు ముందుగదిలో మంచం, మంచం చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు. డైరెక్టరు గారు, కమిషనర్ గారు, అప్పలస్వామి కూర్చున్నారు. "మెతుకుగారు యథావిధిగా నిద్రించవలసిందిగా కోరుతున్నాం" అని కమిషనర్ గారు ప్రకటించారు. గంగరాజు ముసుగుతన్ని పడుకున్నాడు. బయట ట్యాంకరు ఇంజను ఆపి నిలబడింది. వీధి ఆడవాళ్ళందరూ చంకలో కోడితో, కాళ్ళ దగ్గర బిందెతో గుమ్మం బయట ఊపిరి బిగబట్టారు. గోడ అవతల మంగతాయారు గొణుగుడు వినబడుతోంది. జమీందారు గురక పెడుతోంది.

ఎంతసేపైనా ఏ చప్పుడూ లేదు. డైరెక్టరు గారు వాచీ చూసుకున్నారు. "నిశ్శబ్దం. అద్భుతం" అన్నారు. కమిషనర్ గారు చుక్క మార్పించడానికి జేబులోంచి ఫోన్ తీశారు.

ముసుగు లోపల గంగరాజుకి చెమటలు పడుతున్నాయి. వంటింటి గుమ్మంలో సీతారత్నం నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిందని చూడకుండానే తెలుసు. మళ్ళీ రైలుకట్ట, మళ్ళీ అవతలి వార్డు వాళ్ళ మాటలు. అన్నిటికీ కారణం వరుసలో తను కునికిన ఒక్క కునుకు. అతను కళ్ళు గట్టిగా మూసుకుని గొంతెత్తాడు.

"కొక్కొరోకో...!"

ఏళ్ళతరబడి విన్న కూత కనక ఎక్కడా రాగం తప్పలేదు. చివర్లో జమీందారు తీసే వయ్యారపు దీర్ఘంతో సహా వచ్చింది. గుమ్మం బయట నాలుగు బిందెలు జారి దొర్లాయి.

డైరెక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇదేమిటి, దుప్పట్లోంచి వచ్చినట్టుందే?"

"ప్రతిధ్వని సార్" అన్నాడు అప్పలస్వామి తడుముకోకుండా. "రేకుల ఇళ్ళు కదా."

"మనిషి కూసినట్టు లేదూ పరంజ్యోతీ?"

కమిషనర్ గారు ఫోన్ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మనిషి కూశాడంటే మెతుకు అబద్ధమాడినట్టు. ఒక్క మెతుకు అబద్ధమైతే అన్నమంతా అనుమానమే. మిగతా ఇరవైతొమ్మిది మెతుకుల్నీ పట్టి చూడాలంటారు. వాటికింద ఏముందో కమిషనర్ గారికి తెలియంది కాదు. ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

"కోడే సార్" అన్నారు గంభీరంగా. "శాస్త్రీయంగా తీసిన కోడి. బాధ ఇంకా ఉంది. చుక్క అలాగే ఉంచుదాం. ప్రతి శనివారం ఇదే వేళకి పరిశీలన కొనసాగిద్దాం."

డైరెక్టరు గారు ఆలోచించి, ముప్ఫైకి ముప్ఫై పచ్చగా ఉంటే పైవాళ్ళు నమ్మరని, ఒక్క గోధుమరంగు ఉంటే నిజాయితీగా కనిపిస్తుందని మెచ్చుకుని జీపెక్కారు. ట్యాంకరు ఇంజను మొదలైంది. గడప గడపకీ నీళ్ళు పడుతున్న చప్పుడు వింటూ గంగరాజు ముసుగు తియ్యకుండానే నిజంగా నిద్రపోయాడు.

ఆ కుళాయి ఇప్పటికీ బుస్సుమంటూనే ఉంది. దాన్ని ఎవరూ బాగుచెయ్యలేదు, ఇక చెయ్యరు కూడా, పటంలో నీలం చుక్క లేదు కదా. సున్నంబట్టీల వీధిలో ఇప్పుడు మధ్యాహ్నం ఈగ వాలినా వినబడుతుంది. గంగరాజు పడుకోగానే సీతారత్నం కిటికీలకి గోనెలు కడుతుంది. మంగతాయారు వీధిలో ఎవరు గట్టిగా మాట్లాడినా కసురుతుంది. శనివారం మాత్రం, జీపు మలుపు తిరగ్గానే, సీతారత్నం మంచం దగ్గరికి వచ్చి మొగుడి నుదుటి మీద మెల్లగా చెయ్యి వేస్తుంది.

"లేవయ్యా, వాళ్ళొచ్చారు. ఒక్క కూత కూసి మళ్ళీ పడుకుందువుగాని."